మెదడు వాకిట నిలిచిన మందు

పెద్దముడియములో మాకు తెలిసిన ఒక ఇంటి పిల్లవానికి కొన్నేండ్ల క్రిందట ల్యుకేమియా, అనగా నెత్తురు క్యాన్సరు, వచ్చినది. పట్టణములోని పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయినారు. నెత్తురులోనికి మందు ఎక్కించుచుండిరి. అది ఇంటివారందరికీ అర్థమైనది. కాని నడుమ నడుమ పిల్లవానిని ఒక పక్కకు తిప్పి, మోకాళ్ళు గడ్డమునకు ఆనునట్లు ముడిచి పండుకొనబెట్టి, వెన్నెముక సందులో సూది గుచ్చి, అక్కడ కూడ మందు పోయుచుండిరి. పిల్లవాని వెంట ఉన్న అవ్వకు ఇది మింగుడు పడలేదు. “నెత్తురులో రోగమంటిరి. నడుములో సూది పొడిచేది ఎందుకు నాయనా?” అని మమ్ము అడిగినది. ఆసుపత్రిలోనే అడుగరాదా అంటే, “వాళ్ళకు తీరిక యాడుంది” అన్నది.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. చెప్పబోయినచో నూట నలుబది ఏండ్ల చరిత్ర చెప్పవలెను. ఆ చరిత్రలో భీమవరమున పుట్టిన తెలుగువాడొకడు కలడు. చెరసాల పాలైన ఒక విదుషి కలదు. సన్నని సూదుల గుండా విద్యుత్తు పంపి మెదడు తలుపు తట్టుచున్న నేటి పరిశోధకులు కూడ కలరు. అవ్వకు ఆనాడు కొంత చెప్పితిమి. మిగిలినది శ్రోతలకు ఇప్పుడు చెప్పుచున్నాము.

కథ రంగు నీళ్ళతో మొదలైనది. జర్మనీలో పాల్ ఎర్లిహ్ అను వైద్యుడు జంతువుల నెత్తురులోనికి రంగులు ఎక్కించి, ఏ అవయవము ఏ రంగును పట్టుకొనునో పరిశీలించుచుండెను. తరువాతి కాలమున సవాయి రోగమునకు సాల్వర్సాన్ మందు కనిపెట్టి లోకప్రసిద్ధుడైనవాడు ఇతడే. 1885లో ఇతడు ప్రకటించిన విషయము చిత్రమైనది. కొన్ని రంగులు ఎక్కించినప్పుడు కాలేయము, మూత్రపిండములు, కండరములు అన్నియు రంగు తేలినవి; మెదడు, వెన్నుపాము మాత్రము తెల్లగానే నిలిచినవి. మెదడునకు ఆ రంగులు గిట్టవు కాబోలునని ఎర్లిహ్ అనుకొనెను. అంతటి మేధావి కూడ కళ్ళ ఎదుటనున్న గోడను గోడగా గుర్తింపలేకపోయినాడు. ఇందులో ఆయనను తప్పు పట్టవలసినది లేదు. ఎవరు చూచినను ముందు అదే తోచును.

ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ ఆ ప్రయోగమును తిరగవేసి చూచినాడు. 1909లో ట్రైపాన్ నీలిరంగును నెత్తురులోనికి ఎక్కించగా, మునుపటివలెనే మెదడు తెల్లగా ఉండెను. 1913లో అదే రంగును మెదడు చుట్టును, వెన్నుపాము చుట్టును ఉండు నీటిలోనికి పంపినాడు. ఈసారి మెదడు నీలముగా మారినది. తక్కిన దేహము మారలేదు. ఇక మెదడునకు రంగు గిట్టదనుటకు వీలు లేదు. నెత్తురునకును మెదడునకును నడుమ ఏదో అడ్డము ఉన్నదనుట తేలిపోయినది.

ఆ అడ్డమునకు పేరు పెట్టి, దానినొక శాస్త్ర విషయముగా నిలిపినది లీనా స్టెర్న్. జెనీవా విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి పొందిన మొదటి మహిళ ఆమె. రక్తమస్తిష్క అవరోధమను భావమును 1921లో ఆమె ప్రతిపాదించినది. అది కేవలము గోడ కాదు, మెదడు పరిసరములను నిలకడగా ఉంచు కావలి యని ఆమె వాదము. తరువాత మాస్కోకు పోయి, 1939లో సోవియట్ విజ్ఞాన పరిషత్తునకు పూర్తి సభ్యురాలిగా ఎన్నికైన మొదటి స్త్రీ అయినది. క్షయ మెదడు పొరలకు సోకిన రోగులకు, స్ట్రెప్టోమైసిన్ మందును పుర్రె అడుగుననుండి ఆ నీటిలోనికే నేరుగా ఎక్కించు చికిత్సను ఆమె నడిపినది. తలుపు తీయనప్పుడు పెరటి దారిన పోవుట అనునది ఇదే. 1949లో స్టాలిన్ ప్రభుత్వము ఆమెను నిర్బంధించినది. ఆమెతోపాటు విచారింపబడినవారిలో 13 మందిని 1952 ఆగస్టులో కాల్చి చంపినారు. డెబ్బదియేండ్లు దాటిన ఈమెను మాత్రము మధ్య ఆసియాకు ప్రవాసము పంపినారు. స్టాలిన్ మరణానంతరము తిరిగి వచ్చి, మరల ప్రయోగశాలలో కూర్చున్నది. కావలివాండ్రను గూర్చి పరిశోధించిన మనిషి బ్రతుకున ఎటువంటి కావలివాండ్రు ఎదురైనారో చూడుడు.

ఆ అవరోధము కచ్చితముగా ఎక్కడ ఉన్నదో 1967లో గాని తేటపడలేదు. రీస్, కార్నోవ్‌స్కీ అను ఇద్దరు అమెరికను శాస్త్రజ్ఞులు, ముల్లంగిని పోలిన ఒక మొక్క వేరునుండి తీసిన ఎంజైమును చుంచుల నెత్తురులోనికి ఎక్కించి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో దాని జాడ చూచినారు. ఆ పదార్థము మెదడులోని సన్నని రక్తనాళముల లోపలి అంచువరకు వచ్చి, అక్కడ కణమునకును కణమునకును నడుమనున్న సందులో ఆగిపోయినది. దేహములో తక్కినచోట్ల ఆ నాళముల గోడకణముల నడుమ చిన్న చిన్న సందులుండును. మెదడులో ఆ సందులను కుట్టువేసినట్లు గట్టి అతుకులు మూసివేసినవి. మనిషి మెదడులోని ఇట్టి సన్ననాళములన్నియు వరుసగా పరచినచో దాదాపు 600 కిలోమీటర్లు వచ్చునని లెక్క వేసినారు. కడపనుండి చెన్నపట్నము పోయి తిరిగివచ్చిననుగాని ఆ దారి తరగదు. అంత పొడవునను ఈ అతుకులే.

మరి ఆహారము లోనికెట్లు పోవును? ఇక్కడ అవ్వకు వారి ఊరి కథనే చెప్పితిమి. తూర్పు చాళుక్యుల శాసనములలో ఒక గాథ కలదు. అయోధ్యనుండి దక్షిణమునకు దండెత్తి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవునితో పోరి చనిపోగా, గర్భవతియైన ఆయన పట్టమహిషి పురోహితులతోను, వృద్ధ మంత్రులతోను ముడివేము అను అగ్రహారము చేరినదట. అక్కడ విష్ణుభట్ట సోమయాజి ఆమెను కన్నబిడ్డవలె కాపాడగా, ఆమెకు విష్ణువర్ధనుడు పుట్టినాడట. ఆ ముడివేమే నేటి పెద్దముడియమని చరిత్రకారుల అభిప్రాయము. గాథలో ఎంత నిజమో మేము తేల్చబోము. కాని ఆనాటి అగ్రహారమునకు తెలియని ఆడుమనిషి ఒంటరిగా వచ్చి నిలిచినచో ఏమగునో! వెంట పురోహితుడు ఉండెను గనుక వాకిలి తెరచుకొనినది. మెదడు వాకిలి తీరును అంతే. చక్కెరకు, కొన్ని పోషక పదార్థములకు తోడుతెచ్చు వాహకములు గోడలోనే కలవు. అవి చేయి పట్టుకొని లోనికి తెచ్చును. ప్రాణవాయువు, సారాయి, మత్తుమందులవంటి చిన్న చిన్న అణువులు తమంతట తామే జారిపోవును. తక్కినవి బయటనే. తప్పి లోనికి వచ్చినవాటిలో కొన్నింటిని పట్టి మరల నెత్తురులోనికే నెట్టివేయు పంపులు కూడ ఆ గోడలోనే కలవు. మందులలో అధిక భాగము ఈ బయట నిలుచు జాతిలోనివే.

ఇక మన తెలుగువాని సంగతి. యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టినారు. మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికాలోని బోస్టను చేరినారు. ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినారు. కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును గుర్తించుటలోను ఆ ఇద్దరికి పాలు కలదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లె ప్రయోగశాలలకు పోయి, పరిశోధనను నడిపినారు. అక్కడ ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. రక్తహీనతకు, స్ప్రూ అను గ్రహణి జబ్బునకు అది మందు. కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరమైనప్పుడు, దాని వేషము వేసి దాని చోట కూర్చుండు మరియొక పదార్థము పెరుగుదలను ఆపవలెను గదా! ఈ ఆలోచనతో పుట్టినదే అమినోప్టెరిన్.

బోస్టనులో పిల్లల రోగనిదాన శాస్త్రజ్ఞుడు (పెథాలజిస్టు) సిడ్నీ ఫార్బర్ ఆ మందును ల్యుకేమియా పిల్లలకిచ్చి చూచినాడు. 1948 జూనులో ఆయన ప్రకటించిన వ్యాసమున 16 మంది పిల్లల వివరము కలదు. అందులో 10 మందికి మేలు కనిపించినది. అది తాత్కాలికమైన మేలే. ఐనను అంతకు ముందు ఆ రోగమునకు ఏ మందును పని చేసియుండలేదు. ఆ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావుగారు 53వ ఏట కన్నుమూసినారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. అదియు లెడర్లెలో పుట్టినదే. నేటికిని ల్యుకేమియా పిల్లలకు వాడుచున్నది దీనినే. పెద్దముడియము పిల్లవాని వెన్నులో పోసినదియు దీనినే.

1950లలో వైద్యులకు ఎదురైన దుఃఖము మరియొక తీరున ఉండెను. మందుతో నెత్తురు బాగుపడును, ఎముకల మజ్జ బాగుపడును, పిల్లవాడు ఆడుకొనును. కొన్ని నెలలకు తలనొప్పి, వాంతులు, చూపు చెదరుట. వెన్ను నీరు తీసి చూచినచో అందులో రోగకణములు. నెత్తురంతట వేటాడిన మందు మెదడు వాకిట ఆగిపోగా, రోగకణములు ముందే లోపల దాగినవి. మెదడును విడిగా కాపాడనిచో సగమునకు పైగా పిల్లలలో రోగము అక్కడినుండి మరల తల ఎత్తుచుండెను. మెథోట్రెక్సేట్ నీటితో పొత్తుగల మందు. కొవ్వుపొరల గుండా జారిపోవు గుణము దానికి తక్కువ. అందుచేత నెత్తురులో పోసినది మెదడునకు చాలినంత అందదు.

ఆ దశాబ్దము చివర వైద్యులు లీనా స్టెర్న్ పోయిన పెరటి దారినే పట్టి, మెథోట్రెక్సేట్‌ను వెన్ను నీటిలో పోయ మొదలుపెట్టినారు. 1962లో మెంఫిస్ నగరమున తెరచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్, రోగము మెదడులో కనబడువరకు ఆగక ముందే అక్కడ చికిత్స చేయవలెనని పట్టుబట్టినాడు. 1967లో మొదలైన ఆయన అయిదవ ప్రయత్నమున, తలకు కిరణముల చికిత్సయు, వెన్నులో మెథోట్రెక్సేట్‌యు కలిపి ఇచ్చినప్పుడు, పిల్లలలో దాదాపు సగముమంది పూర్తిగా బాగుపడినారు. కిరణములవలన పిల్లల చదువునకు, తెలివికి హాని కలుగుచున్నదని తెలిసి, తరువాతి కాలమున చాలమందికి వాటిని మానివేసినారు. సూది మాత్రము నిలిచినది. అవ్వ అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు.

కాని పెరటి దారి అన్ని జబ్బులకు చాలదు. వెన్ను నీటిలో పోసిన మందు మెదడు పైపొరలను తడుపును. మెదడు గుజ్జులోనికి కొన్ని మిల్లీమీటర్లకు మించి ఇంకదు. మెదడు లోతున పుట్టు గ్లయోబ్లాస్టోమా అను గడ్డకు అది అందదు. శస్త్రవైద్యుడు గడ్డను తీసివేయును. అది అంచులనుండి మరల పుట్టును. సరియైన చికిత్స జరిగినను సగముమంది రోగులు ఏడాదిన్నర దాటరు. ఇందులో గమనింపవలసినదొకటి కలదు. గడ్డ నడుమ పెరిగిన నాళములు అతుకు చెడి కారుచుండును; అక్కడికి మందు పోగలదు. అంచులకవతల, మంచి మెదడులోనికి చొరబడిన కణముల చుట్టు మాత్రము వాకిలి భద్రముగా మూసియే యుండును. ఏ వాకిలి మనలను కాపాడుచున్నదో ఆ వాకిలియే శత్రువునకును కాపు.

వాకిలి తెరచుటకు పలువురు పలు దారులు చూచినారు. 1972లో రాపొపోర్ట్ బృందము, చిక్కని ద్రావణముతో నాళముల గోడకణములను వడలజేసినచో అతుకులు కొంతసేపు విడుచునని జంతువులలో చూపినది. తరువాత ఆరెగాన్‌లో న్యూవెల్ట్ అను వైద్యుడు మానిటాల్‌తో రోగులలో దానిని నడిపినాడు. కాని ఆ నాళము పారు మేరయంతయు ఒక్కసారిగా తెరచుకొనును. 2001లో హైనినెన్ బృందము సన్నని గాలిబుడగలతోను, వినబడని ధ్వనితోను కుందేళ్ళలో కోరిన చోటనే తెరచినది. ఇప్పుడది మనుష్యులలో పరీక్షలకు వచ్చినది. దానిని గూర్చి మరియొకసారి చెప్పవచ్చును. మేము చెప్పబూనినది విద్యుత్తును గూర్చి.

మెదడునకు విద్యుత్తు అనగానే మన ఇండ్లలో అందరికి తోచునది పిచ్చాసుపత్రిలో “కరెంటు పెట్టుట”. అది వేరు. 1938లో రోమునగరమున మొదలైన ఆ చికిత్సలో మెదడంతటికిని మూర్ఛ తెప్పించుటయే పని. ఇక్కడ చెప్పు పని కణము యొక్క పొరపైన. ఆ పొర రెండు వరుసల కొవ్వు అణువులతో అల్లినది. మందము మిల్లీమీటరులో రెండు లక్షలవ వంతు. దానికి ఇరువైపుల ఎప్పుడును వోల్టులో పదునాలుగవ వంతు విద్యుత్ తేడా ఉండును. బయటనుండి బలమైన విద్యుత్ క్షేత్రము తగిలించి ఆ తేడాను వోల్టుకు దగ్గరగా పెంచినచో, పొరలో కంటికానని రంధ్రములు పడును. టార్చిలైటు సెల్లులోని ఒత్తిడి కూడ అక్కరలేదు. పొర అంత పలుచన. తాకిడి కొద్దిపాటిదైనచో రంధ్రములు తామే పూడుకొనును. ఎక్కువైనచో కణము చచ్చును.

ఈ గుణమును మొదట గమనించినవారికి వైద్యము ధ్యాసయే లేదు. 1967లో సేల్, హామిల్టన్ అను ఇద్దరు, విద్యుత్ తాకిడితో సూక్ష్మజీవులు చచ్చుటకు కారణము వేడి కాదని, పొర చెడుటయని చూపినారు. 1982లో జర్మనీలో నాయ్‌మన్ బృందము ఇట్టి తాకిడులతో చుంచు కణములలోనికి జన్యుపదార్థమును పంపినది. మందులవైపు దీనిని తిప్పినవాడు ఫ్రాన్సు దేశపు లూయీ మీర్. బ్లియోమైసిన్ అను క్యాన్సరు మందు మంచి పదునైనదే గాని, కణపు పొర దాటలేదు. గడ్డకు విద్యుత్ తాకిడి ఇచ్చి ఆ మందు వాడినచో గడ్డ కరుగునని 1991లో రోగులలో చూపినాడు. 1993లో స్వీడనులోని సాల్ఫోర్డ్ బృందము ఎలుకల మెదడు గడ్డలపై అదే జోడింపును ప్రయోగించి, వాటి ఆయువు పెంచినది.

మెదడు వాకిలి మాట అక్కడినుండి సూటిగా రాలేదు. అమెరికాలో రుబిన్‌స్కీ, దావలోస్ మున్నగువారు 2005లో ప్రతిపాదించిన పద్ధతి గడ్డను చంపుటకు ఉద్దేశించినది: సన్నని సూదివంటి రెండు విద్యుద్ద్వారములు గుచ్చి, సెకండులో పదివేలవ వంతు, లేక అందులో సగము, మాత్రమే నిలుచు తాకిడులను పదులకొలది పంపుట. వేడి పుట్టదు, కణములు చచ్చును. వర్జీనియా పశువైద్యులు దీనిని పెంపుడు కుక్కల మెదడు గడ్డలపై వాడినారు. 2015లో ఏడు కుక్కల వివరము ప్రకటించినారు. ఆ పనిలోనే తెలిసినదేమనగా, సూదుల దగ్గర క్షేత్రము బలముగా ఉండి కణములు చచ్చును. దానికవతల బలము తగ్గినచోట కణములు చావవు గాని, రక్తనాళముల వాకిలి తెరచుకొనును. చచ్చిన మేర చుట్టు తెరచిన మేర ఒక వలయమువలె ఏర్పడును. గడ్డ అంచులను దాటి దాగిన కణములుండు చోటు సరిగా అదే గదా! 2012లో ఎలుకలలో ఎమ్.ఆర్.ఐ. చిత్రములతో ఈ తెరపును కొలిచినారు. 2019 నాటి మరియొక పరిశీలనలో, వేగముగా అటునిటు మారు తాకిడులతో తెరచిన వాకిలి కొన్ని దినములలో తిరిగి మూసికొనినది. ఆ వేగపు తాకిడులవలన మరియొక మేలు కలదు: మామూలు తాకిడులకు ఒళ్ళు ఎగిరిపడునట్లు కండరములు బిగియును, వీటికి ఆ బాధ తక్కువ.

ఇట్టి ప్రయోగములలో వాకిలి తెరచుకొనినదా లేదా అని చూచుటకు ఎవాన్స్ నీలము అను రంగును వాడుదురు. ఇది ట్రైపాన్ నీలమునకు దగ్గరి చుట్టము. ఆనాడు గోల్డ్‌మన్‌కు రంగు ఆగిన చోట గోడ కనబడినది. నేడు రంగు పారిన చోట తలుపు కనబడుచున్నది.

పత్రికలలో “మెదడు క్యాన్సరునకు కరెంటు మందు” అని చదివి ఆశపడువారికి ఒకటి చెప్పవలెను. ఈ పనిలో ఎక్కువ భాగము ఇంకను ఎలుకలలోను, కుక్కలలోను జరిగినదే. పుర్రెకు రంధ్రము చేసి సూది దింపవలెను. తెరచిన వాకిట మందు ఒక్కటే రాదు; నెత్తురులోని మాంసకృత్తులు వచ్చును, నీరు చేరును, మెదడు వాచును. ఎంత తెరువవలెను, ఎంతసేపు తెరువవలెను, ఆ వేళకు ఏ మందు నెత్తురులో సిద్ధముగా ఉండవలెను అనునవి ఒక్కొక్కటే తేల్చుకొనవలసినవి. తలుపు తీయుట కన్న తీసిన తలుపును మరల వేయుట గొప్ప పని యని మా అభిప్రాయము. ఈ పద్ధతిపై మాకు ఆశ కలుగుటకు కారణము కూడ అది తెరచుట కాదు, తిరిగి మూసికొనుట.

అవ్వ అంతయు విని, “ఆ భీమవరమాయన ఉండాడా?” అని అడిగినది. 1948లోనే పోయినారంటిమి. కొంతసేపు ఊరకున్నది. తరువాత, “కరెంటు పెడితే వీనికి ఆ సూది తప్పుతుందా?” అన్నది. తప్పదంటిమి. విద్యుత్తు తెరచునది రెండు సూదుల నడుమ అంగుళమో అరంగుళమో చోటు. వీని రోగము దాగినచో మెదడు చుట్టు నీటిలో అంతటను దాగును. వీనికి వెన్నులో సూదియే మందు. ఆ నాటికి వానికి ఇంకను నాలుగు సూదులు మిగిలియుండెను.